యెహెజ్కేలు ఇత్తడి పిచ్చి

మా యెహెజ్కేలుకి ఉన్న పిచ్చి ఒక్కటే. ఎక్కడ ఇత్తడి కనిపించినా గోటితో కొట్టి, మోత ఆగేదాకా కళ్లు మూసుకుని వింటాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా చర్చికి గిటారు వాయించేది అతనే, పక్కన కీబోర్డు నేను. అతను ఇంటికొస్తున్నాడంటే మా ఆవిడ చెంబులు లోపల పెట్టేస్తుంది.

దీనికంతటికీ కారణం ఆ ఎలక్ట్రిక్ గిటారు. తీగలు ఆనుకునే బ్రిడ్జి కింద కంపెనీవాళ్లు నాసిరకం దిమ్మ పెట్టారట, అందుకే మోత పుట్టీపుట్టగానే చచ్చిపోతోందట. ఎల్బీనగర్‌లో లేతు మిషనువాడి ప్రాణాలు తోడి, ఇత్తడి దిమ్మ కోయించి బిగించాడు. అదీ చాల్లేదు. ఇంకా బరువైనది కోయించాడు.

"మంచిగనే ఉన్నది గదరా!" అన్నాను.

"ఏంది మంచిగ? జర ఆగన్నా, ఇను... గదీ, సచ్చింది. ఇన్నవా?"

నాకు తేడా తెలిస్తే ఒట్టు.

మొన్న మట్టయ్య తాత పోయాడు. పెట్టె మోస్తూ మోస్తూ దాని పిడిని కూడా టంగుమనిపించాడు మావాడు.

"శవం ముంగట ఏం పనిరా నీకు?"

"ఇత్తడి గాదన్నా, ఉత్త పూత" అన్నాడు దిగులుగా. వీడు నేరుగా నరకానికే పోతాడనుకున్నాను.

సమాధి దగ్గర పాట ఎత్తుకోవాల్సింది తాత భార్య ఎలీశమ్మ. ఒకప్పుడు మా చర్చిలో పాటంటే ఆవిడే. చెవులు పూర్తిగా పోయాక ఒకసారి తాళం తప్పితే జనం నవ్వారు. ఆనాటి నుంచి నోరు తెరవలేదు. "నన్ను సాగనంపేటప్పుడు మాత్రం నువ్వే పాడాలె" అని తాత మాట తీసుకుని పోయాడు. ఇప్పుడు గుంత ముందు నిలబడి, "నాకేం ఇనబడది బిడ్డా, ఎట్ల పాడాలె?" అని ఏడ్చింది. మట్టి వేసేవాళ్లు పారలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నాకు అక్కణ్ణించి పారిపోవాలనిపించింది.

యెహెజ్కేలు పాటకోసం తెచ్చిన గిటారు మెడలో వేసుకుని వెళ్లి, ఆవిడ అరచేతిని దాని చెక్కమీద, బ్రిడ్జి పక్కనే ఆనించి తీగ మీటాడు. ఎలీశమ్మ ఏడుపు ఆపింది. చెక్క అదురుతూనే ఉంది.

"ఇదివరకు మోత చేతికి అందకముందే సచ్చేదన్నా. ఈమె పాట బంద్ జేసినకాడి నుంచి నాకు గిదే పని" అన్నాడు నాతో.

ఆవిడ పాట ఎత్తుకుంది. ముసలి గొంతు జీరపోయిందే గానీ తాళం తప్పలేదు. రెండో చరణంలో ఉన్నట్టుండి ఆపి కసిరింది.

"ఎనకబడుతున్నవ్ యెహెజ్కేలూ, జర తొందరగ కొట్టు!"

సమాధి దగ్గర నవ్వకూడదని అందరికీ తెలుసు. ముందు పాస్టరుగారే నవ్వారు.