కొర్లమ్మ విన్న లీకు

రెక్కల కంపెనీలో కొర్లమ్మవి పాము చెవులని పేరు. అరవై మీటర్ల గాలిమర రెక్క మీద సూది మొనంత చిల్లు పడినా, ఎక్కడ పడిందో చెవి పెట్టి చెప్పేస్తుంది. ఆమెది రాంబిల్లి వైపు పల్లె. భర్త అచ్చిబాబు సముద్రం మీద వేటకు వెళ్తాడు. తొమ్మిదేళ్ల కిందటి వరకూ ఆమె చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగింది. అనకాపల్లి దగ్గర కంపెనీలో గాజు బట్ట పరచడానికి ఆడవాళ్లను తీసుకుంటున్నారని విని, బుట్ట తోటికోడలి చేతిలో పెట్టి కంపెనీ బస్సెక్కింది.

రెక్క తయారీ చూడనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలి. అంత పొడవు అచ్చులో గాజు బట్టను పొరలు పొరలుగా పరుస్తారు. పైన ప్లాస్టిక్ షీటు కప్పి, అంచుల చుట్టూ బంక టేపుతో మూసేసి, పంపులతో లోపలి గాలంతా లాగేస్తారు. అప్పుడు రెజిన్ అనే చిక్కటి జిగురు వదిలితే అది బట్టలోకి పాకి గట్టిపడుతుంది. ఎక్కడైనా చిల్లుండి గాలి చొరబడిందా, అక్కడ బట్ట పొడిగా ఉండిపోతుంది. అంతటి రెక్కా మూలకు పోతుంది, నలభై మంది చాకిరీ గంగలో కలుస్తుంది.

అందుకే రెజిన్ వదిలే ముందు ఫ్యాన్లూ కోత మిషన్లూ ఆపేస్తారు. కొర్లమ్మ తల వంచి, చిల్లులోంచి గాలి దూరే సన్నటి బుస కోసం వింటూ అంచు వెంట నడుస్తుంది. అంతసేపూ ఎవరూ కిమ్మనరు. దగ్గొచ్చినవాడు బయటికి పోయి దగ్గుకుంటాడు. సూపర్‌వైజర్ దేవీప్రసాద్ కూడా ఫోను ఆపేసి నిలబడతాడు. ఈ మర్యాద కంపెనీ రూల్సులో ఎక్కడా రాసి లేదు. జీతం ఏమంత పెరగలేదు గానీ, ఆ పది నిమిషాల గౌరవానికే కొర్లమ్మ పొంగిపోయేది. పొంగిపోదూ మరి, చేపలమ్మే రోజుల్లో ఆమె మాటకు బేరం తప్ప బదులు వచ్చిందెప్పుడు?

ఆ చెవులే నాలుగు నెలలుగా ఆమెను మోసం చేస్తున్నాయి. తొమ్మిదేళ్లు పంపుల రొద పక్కన నిలబెడితే ఏ చెవులైనా ఏం చేస్తాయి? ముందు సన్నటి శబ్దాలు పోయాయి. "టీవీ అంత గట్టిగా ఏటే" అని అచ్చిబాబు విసుక్కుంటే, చెవిలో గాలి దూరిందని సర్దిచెప్పింది. కంపెనీలో మాత్రం గుట్టుగా ఉంచింది. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని భయం. భయాన్ని మించి సిగ్గు.

గుట్టు దాచడానికి ఒక దొంగ ఉపాయం కూడా కనిపెట్టింది. ఆమె పక్కన నడిచే పావని పాతికేళ్ల పిల్ల, చెవులు చురుకు. లీకు వినబడగానే పావని కళ్లు అటు తిరిగేవి. కొర్లమ్మ ఆ కళ్లను కనిపెట్టి ముందుగా వేలు పెట్టేది.

ఆ మంగళవారం పావని రాలేదు. చెల్లెలి సీమంతమట.

పంపు వాల్వు మూసి పావుగంట ఆగారు. గేజులో కదలకుండా నిలవాల్సిన అంకె మెల్లగా పెరుగుతోంది. ఎక్కడో లీకుంది. ఫ్యాన్లు ఆగాయి. కొర్లమ్మ అంచు వెంట ఒక చుట్టు నడిచింది. ఏమీ వినబడలేదు. రెండో చుట్టూ నడిచింది. చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. నలభై మంది ఆమె నోటి వంకే చూస్తున్నారు.

"ఏటి కొర్లమ్మా?" అన్నాడు దేవీప్రసాద్.

"నేదు బాబూ. ఎక్కడా నేదు," అనేసింది.

దేవీప్రసాద్ తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "అయితే గేజు పైపే లూజు. పోయిన నెలా అదే కదా. కొర్లమ్మ లేదంటే లేదు. గోవిందూ, రెజిన్ వదులు."

రెజిన్ పని చూసే కుర్రాడు గోవింద్ వాల్వు వైపు వెళ్లాడు. కొర్లమ్మ కిమ్మనకుండా ఊరుకుంటే నింద గేజు మీదకు పోతుంది, ఆమె పేరు ఆమెకు మిగులుతుంది. కానీ మోకాళ్ల నొప్పితో మూడు రోజులు ఆ బట్ట మీద పాకిన అప్పలనర్సమ్మ ఎదురుగానే నిలబడి ఉంది. కొర్లమ్మ మాట మీద నమ్మకంతో అప్పుడే నడుం వాల్చడానికి చోటు వెతుక్కుంటోంది.

"గోవిందూ, సెయ్యి తియ్యి," అంది కొర్లమ్మ.

"ఏటి పిన్నీ?"

"అబద్దం సెప్పేను. లీకు నేదని కాదు, నాకు ఇనబడ్డం నేదు. నాలుగు నెల్లయింది. పావని మొకం సూసి సెప్తన్నాను."

దేవీప్రసాద్ ముఖం మాడిపోయింది. "ముందే చెప్పొద్దా? రెక్క పోతే నా ఉద్యోగం పోయేది, తెలుసా?"

"తెల్సు బాబూ. అందుకే సెప్పేను."

అతను స్టోరుకు వెళ్లి ఒక పెట్టె తెచ్చాడు. లోపల టార్చిలైటు లాంటి మిషన్, దానికి హెడ్‌ఫోన్లు. మనిషి చెవికందని సన్నటి శబ్దాన్ని పట్టి పెద్దది చేసి వినిపిస్తుందట. కొని రెండేళ్లయినా, కొర్లమ్మ ఉండగా దాని సీలు విప్పే అవసరం ఎవరికీ రాలేదు.

గోవింద్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని బయలుదేరాడు. నాలుగడుగులకోసారి "ఇక్కడే" అంటాడు, మళ్లీ "కాదు" అంటాడు. పంపూ పైపులూ అన్నీ అతనికి లీకుల్లాగే వినబడుతున్నాయి. అరగంట గడిచింది.

"బాబూ, ఓపాలి నాకియ్యి," అంది కొర్లమ్మ.

దేవీప్రసాద్‌కు కోపం ఇంకా దిగలేదు. అయినా ఇచ్చాడు. శబ్దం పూర్తిగా పెంచి చెవులకు తగిలించుకుంది. ఒక్కసారి ఒళ్లు ఝల్లుమంది. పంపుల రొద ఎటో, పైపుల గుసగుస ఎటో ఆమెకు తెలుసు. వాటిని పక్కకు నెట్టుకుంటూ నడిచింది. రెక్క మొదలు దగ్గర, టేపు మడత పడిన చోట మోకాళ్ల మీద కూర్చుని వేలు చూపించింది.

గోవింద్ టేపు ముక్క పట్టుకుని వంగాడు. కొర్లమ్మ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏటైంది పిన్నీ, ఇది కాదా?"

"ఇదే," అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "దీన్ని ఇని నాలుగు నెల్లయింది నాయనా. ఒక్క నిమిసం ఇననీ."

గోవింద్ దేవీప్రసాద్ వైపు చూశాడు. అతను గడియారం చూసుకుని, సరేనన్నట్టు తలూపాడు. గోవింద్ టేపు చేత్తో పట్టుకునే ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.