తుండుగుడ్డ వేసిన చోటు

మా మద్రాసు పెద్దమ్మ పోయింది. పోయిన మంగళవారం నేను బడిలో నాలుగో తరగతికి లెక్కలు చెబుతుంటే, మా వీధిలో సైకిలు షాపు సాయిబుగారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "టీచరమ్మా, పెద్దమ్మ లేవట్లా" అంది. చాక్‌పీసు చేతిలో పట్టుకునే ఇంటిదాకా పరిగెత్తానని తర్వాత ఎవరో చెప్పారు. పెద్దమ్మ ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రలోనే పోయింది. ఎవరినీ పిలవలేదు. పిలిస్తే పలకడానికి ఎదురింట్లో నేను తప్ప ఆమెకు ఎవరున్నారు గనక!

ఆమె నాకు చుట్టమేం కాదు. నరసరావుపేట చర్చి వీధిలో అందరికీ పెద్దమ్మే. వయసులో ఉండగా మద్రాసులో ఓ ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి, ట్రాములు తీసేశాక తిరిగొచ్చి, మా ఎదురుగా ఒంటి గదిలో రవికలు కుట్టుకుంటూ ఉండేది. మా వైపు జబ్బు ముదిరితే గుంటూరు వెళ్తాం. గుంటూరులో చేతులెత్తేస్తే మద్రాసే గతి. అలా వెళ్ళేవాళ్ళు సత్తెనపల్లి నుంచి, శావల్యాపురం నుంచి, ఎక్కడెక్కడి నుంచో ముందు ఆమె వసారాకి వచ్చేవాళ్ళు. దేవుడి మీద భారం వేసేముందు పెద్దమ్మ చెప్పేది వినాలి. అదీ మా ఊరి పద్ధతి.

ఆమె వసారాలో పొడుగాటి బెంచీ ఒకటి ఉండేది. అదే ఆమె సిటీ బస్సు. ఎంత పెద్దమనిషి వచ్చినా దాని మీద కూర్చోబెట్టి పాఠం మొదలెట్టేది. "బస్సు రంగు జూసి ఎక్కమాకండి, అన్నీ ఒకే రంగు. నెంబరు జూడండి. మూటలు పైనెయ్యటం ఆడ కుదరదు, ఒళ్ళో పెట్టుకోవాల్సిందే. తెలుగు మాట చెవినబడంగానే కరిగిపోయి వాడెంట పోమాకండి. దిగే చోటు ఒకణ్ణడిగి ఊరుకోక ఇంకోణ్ణి గూడా అడగండి. దిగాలంటే 'ఇరంగణుం' అనండి, గట్టిగా, సిగ్గుపడకుండా."

ఆ అరవం మాట వాళ్ళ నోట పలికేదాకా వదిలేది కాదు. తర్వాత దిగడం నేర్పించేది. బస్సు మొహం ఎటుంటే మన మొహం అటే ఉండాలని, వసారా అంచు మీంచి వీధిలోకి దింపించేది. గురజాల నుంచి వచ్చిన ఓ మిరపతోట ఆసామిని, ఇంతేసి మీసాలాయన్ని, మళ్ళీ మళ్ళీ ఎక్కించి దింపింది. "ఏందమ్మా, నన్ను చిన్నపిల్లోణ్ణి జేశావే?" అన్నాడాయన ఆయాసపడుతూ. "ఆడికి బోతే మనందరం చిన్నపిల్లలమే నాయనా. ఇంకోసారి దిగు" అంది పెద్దమ్మ. వీధి వీధంతా అరుగుల మీద కూర్చుని నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పేవి రెండే మాటలు. మా బస్సుల సంగతి మీకు తెలుసు. మాచర్ల బస్సు వస్తే ముందు మగాడు ఎగబడి ఎక్కి, సీటు మీద తుండుగుడ్డ వేస్తాడు. పెళ్ళాం, తల్లి, మూటలు నింపాదిగా వస్తారు. "మా అమ్మొస్తా ఉంది, కాసేపాగబ్బా" అంటే డ్రైవరు బీడీ ముట్టించుకుని మరీ ఆగుతాడు. మద్రాసులో ఆ ఆట సాగదని పెద్దమ్మ మొత్తుకునేది. "తుండుగుడ్డ యెయ్యటానికి ముందెక్కమాకండి. ముసలోళ్ళని, ఆడోళ్ళని ముందెక్కించండి. కండక్టరు ఈలేశాడంటే దేవుడొచ్చినా బండాగదు. ఒకేళ విడిపోతిరా, వెనకబడ్డ మనిషి నిలబడ్డ చోటునుంచి కదలొద్దు. ముందుకుబోయినోళ్ళే దిగి వెనక్కి రావాలి." ఇది ప్రార్థనలాగా అందరిచేతా చెప్పించేది.

ఇంకో సంగతి. ఆ బెంచీకి ఒక కొసన ఎర్రంచు తుండుగుడ్డ మడతపెట్టి ఉండేది. దాని మీద ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. బెంచీ కిటకిటలాడుతున్నా "ఆడ గాదు, ఇటు జరగండి" అనేది. మద్రాసు పోయొచ్చిన బడాయి అనుకునేవాళ్ళం. నేనూ అనుకున్నాను.

మా ఆయన కోర్టు గుమాస్తా. గుండె జబ్బు వచ్చి ఆయన్ని మద్రాసు తీసుకెళ్ళాల్సి వచ్చినప్పుడు మేమూ ఆ బెంచీ మీద కూర్చున్నాం. ఆయన అన్నిటికీ తలూపి, ఇంటికొచ్చి పడీపడీ నవ్వాడు. గుంటూరులో ఒక రైలు, తెనాలిలో ఒక రైలు మారి వెళ్ళాం. మొదటిరోజు అంతా సవ్యంగానే జరిగింది. మర్నాడు ఆసుపత్రి నుంచి బసకు వెళ్ళాలి. మిట్టమధ్యాహ్నం. జనంతో నిండిన బస్సొచ్చింది. నేను మందుల సంచీ సర్దుకునేలోగా ఈయన తటాలున ఎక్కేశాడు, భుజం మీది తుండు చేత్తో పట్టుకుని! డాక్టరు మెట్లే ఎక్కొద్దన్న మనిషి, నేను నిలబడాల్సి వస్తుందని నాకోసం సీటు పట్టబోయాడు. ఈల మోగింది. కిటికీలోంచి తుండు పట్టుకున్న చెయ్యి ఊగడం కనిపించింది, తర్వాత అదీ కనిపించలేదు.

నాకు అరవం ముక్క రాదు. బస పేరు ఆయనకే గుర్తు. కాళ్ళు బస్సు వెంట పరిగెత్తుతామంటున్నాయి. ఆ మనిషి ఎక్కడ కూలబడ్డాడో తెలియదు. పెద్దమ్మ మాట మీదే దీపస్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాను. కొబ్బరిబోండాలాయన ఎండలోంచి ఇవతలికి రమ్మని అరవంలో కేకలేశాడు. నేను కదల్లేదు. అంత జనంలో నాకంటే ఒంటరిదాన్ని నేను ఆ రోజు చూళ్ళేదు. ఎండ తిరిగిపోయాక, చొక్కా అంతా తడిసి ముద్దై, వెనక్కి నడుచుకుంటూ వచ్చాడాయన. "కదల్లేదా?" అన్నాడు. "పెద్దమ్మ కదలొద్దంది గదా" అన్నాను. నడిరోడ్డు మీద నవ్వో ఏడుపో తెలియకుండా ఇద్దరం చేతులు పట్టుకున్నాం.

ఊరొచ్చి ఈ కథ పెద్దమ్మకు నవ్వుతూ చెప్పాను. ఆమె కుట్టుమిషను ఆపేసింది.

"నువ్వు కదల్లా?"

"లేదు పెద్దమ్మా."

"ఆయన తిరిగొచ్చాడా? ఆడికే వొచ్చాడా?"

"వచ్చాడు. అదుగో, ఇంట్లో కాఫీ తాగుతున్నాడు."

పెద్దమ్మ కొంగులో మొహం దాచుకుని భోరున ఏడ్చింది. అప్పుడు చెప్పింది. పడుచువయసులో, కళ్ళు మసకేసిన వాళ్ళమ్మను వైద్యానికి మద్రాసు తీసుకెళ్ళింది. ట్రాము వస్తే మన అలవాటు ప్రకారం తనే ముందెక్కి, అమ్మ కోసం సీటు మీద తుండు వేసింది. "బండి ఆగుద్దనుకున్నానే. మాయమ్మ గూడా ఆగుద్దనే అనుకునుంటది. దిగి పరిగెత్తుకొచ్చేసరికి ఆడ లేదు. నాకోసం పట్టాలెంట నడిచిందంట, బడ్డీకొట్టాయన జెప్పాడు. కొంచెం దూరంలో పట్టాలు రెండు దారులైనయ్యి. ఎటు బోయిందో." ఆమె ఆయా పనిలో చేరింది అందుకే. అన్నేళ్ళు ఆ ఊళ్ళో ఉండిపోయిందీ అందుకే. ఆసుపత్రికి వచ్చే ప్రతి ముసలి మొహాన్నీ చూసింది. తల్లి దొరకలేదు. బెంచీ మీది తుండు ఆ ట్రాములో వేసినదే.

మా ఆయన ఆ తర్వాత ఎంతోకాలం బతకలేదు. ఆయన పోయి నెల తిరక్కముందే ఓ పొద్దున నేను పెద్దమ్మ మీద అరిచాను. తప్పో ఒప్పో, అరిచాను. "వెనకబడ్డోళ్ళు కదలొద్దంటివే! ముందుకుపోయినోళ్ళు వస్తారంటివే! ఎంతకాలం నిలబడను నేను?" ఆమె బెంచీ దగ్గరికి వెళ్ళి, ఎవరినీ అంటనివ్వని ఆ తుండు తీసి కుట్టుమిషను మీద వేసింది. ఆ ఖాళీ చోటు చేత్తో తట్టింది. "నిలబడొద్దులేవే. ఈడ కూసో" అంది.

ఆనాటినుంచీ బడి వదిలాక నా చోటు అదే. పక్కన ఆమె. పెద్దగా మాటలుండేవి కావు. ఆమె బొత్తాలు కుట్టేది, నేను కాపీలు దిద్దేదాన్ని. ఇంట్లో ఒక్కదానికి అన్నం వండుకోవడం ఎంత పాడుపనో ఇద్దరికీ తెలుసు గనక ఎవరో ఒకరం వండితే చాలనుకునేవాళ్ళం. ఇప్పుడు మళ్ళీ ఒక్కదానికే వండుకుంటున్నాను. వండబుద్ధి కావడం లేదు.

సమాధి చేసొచ్చాక ఆ తుండు ఉతికి, మడతపెట్టి, పెద్దమ్మ కూర్చునే చోట వేశాను. ఇంక అక్కడ ఎవరినీ కూర్చోనివ్వనని నాలో నేనే అనుకున్నాను.

నిన్న సాయంత్రం నూజెండ్ల నుంచి తల్లీకూతుళ్ళు వచ్చారు. ముసలామెకు కళ్ళు కనిపించడం లేదు. "మద్రాసు పెద్దమ్మంటే మీరేనా అండీ? రేపు బయల్దేరతన్నాం" అంది కూతురు. కాదని చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే, ముసలామె తడుముకుంటూ వచ్చి సరిగ్గా ఆ తుండు మీదే కూలబడింది. "అమ్మయ్య" అని కాళ్ళు చాపుకుంది.

"అక్కడ కాదు" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. రానివ్వలేదు. కూతురిని పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకుని, "అన్నిటికంటే ముందు ఒక్కటి చెప్పు. బస్సొస్తే ఎవరు ముందెక్కాలి?" అన్నాను.

"నేనే. సీటు పట్టాల గదండీ, అమ్మకి."

"కాదే పిల్లా" అన్నాను. "అమ్మ. ముందు అమ్మ."

వాళ్ళు వెళ్ళేసరికి వీధిలో వెలుగు తగ్గింది. తుండు మీద ముసలామె కూర్చున్న గుంట అలాగే ఉంది. నేను దాన్ని సరిచేయలేదు.