ప్రభువునందు నిద్రించారు

మొన్న నందిగామలో నా మెడ రక్తనాళాలకు స్కానింగ్ తీసిన డాక్టరుగారు, మీ నాన్నగారు ఎలా పోయారని అడిగితే, చిన్నప్పటి నుంచి నోటికి అలవాటైన మాటే చెప్పాను, ప్రభువునందు నిద్రించారండీ అని. ఆయన రాయడం ఆపి, "అది సరేనండీ, ఏ జబ్బుతో?" అన్నారు. అరవై దాటినవాణ్ణి, నాకు జవాబు తెలియలేదు.

మా చిన్నతనంలో జగ్గయ్యపేటలో ఆ ప్రశ్న ఎవరూ అడిగేవారు కారు. మీ ఇళ్ళలోనూ అంతే అయివుంటుంది. మా తాతయ్య సున్నపురాయి గనిలో అన్నం తిని, రాతికి ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పెదనాన్న ఆదివారం ఆరాధనలో, కీర్తన సగంలో ఉండగా బెంచీ మీదికి ఒరిగిపోయాడు. నాన్న యాభై నిండకుండానే, మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని మళ్ళీ లేవలేదు. మంచం పట్టకుండా, ఒకరిచేత చేయించుకోకుండా వెళ్ళడం నీతిమంతులకే దొరుకుతుందని సంఘమంతా చెప్పుకునేది, మేమూ కొంచెం గర్వంగానే వినేవాళ్ళం. కీళ్ళనొప్పులతో ఏళ్ళ తరబడి మూలిగిన ఎదురింటి ముసలమ్మ మాత్రం, "మీ ఇంటి మగాళ్ళకి మంచం పట్టే ఓపిక కూడా లేదర్రా" అని దెప్పేది.

రక్తనాళం గోడ నా వయసుకి ఉండాల్సినదానికన్నా మందంగా ఉందని, ఈ గుణం కొంత వంశంలోనే దిగుతుందని, అయినా మందూ తిండీ నడకా చూసుకుంటే గుండెకి ముప్పు తగ్గుతుందని డాక్టరుగారు చెప్పి, తోడబుట్టినవాళ్ళని కూడా చూపించుకోమన్నారు. సిమెంటు లారీ తోలే మా తమ్ముడు ఒప్పుకోలేదు. పిలుపొస్తే వెళ్ళాలిగానీ అడ్డం పడకూడదన్నాడు. వాక్యం వాడికీ నాతో సమానంగా తెలుసు. పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అమ్మ తలెత్తకుండానే అంది.

"మీ నాన్న బాధపడకుండానే పోయాడ్రా. పడింది నేను."

తమ్ముడు మర్నాడే నందిగామ బస్సెక్కాడు. వాడి రక్తనాళాలదీ అదే తీరు. ఇద్దరం మందులు వాడుతున్నాం, ఆదివారం ఎప్పటిలాగే ముందు బెంచీలో కూర్చుంటున్నాం. ఆ పిలుపు మీద నా నమ్మకం సడలలేదు, ఆ పాత మాటలో ఉన్న నిశ్చింత మాత్రం పోయింది.

ఆ రోజుల్లో నాన్న మధ్యాహ్నం నడుం వాలిస్తే, అలసిన మనిషి, పడుకోనివ్వండని అమ్మ మమ్మల్ని నోరెత్తనిచ్చేది కాదు. ఇప్పుడు తమ్ముడు కాస్త ఎక్కువసేపు కునుకు తీశాడంటే, కర్ర పట్టుకుని మెల్లగా వెళ్ళి, వాడితో పనేమీ లేకపోయినా, లేపుతుంది.