దసలి గుడ్లతో రోడ్డు మీద

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుందనగా, ఒక జూన్ నెల మొదటి వారంలో, జార్ఖండ్ వెళ్లి పట్టుపురుగుల గుడ్లు తెమ్మని నాకు ఉత్తర్వు వచ్చింది. అప్పుడు నేను పూర్వపు ఆదిలాబాద్ జిల్లా తూర్పు అడవుల్లో ఒక చిన్న దసలి పట్టు విత్తన కేంద్రంలో సాంకేతిక అధికారిని. దసలి పురుగును మల్బరీ పురుగులాగా ఇంట్లో తట్టల్లో పెంచరు. అడవిలో మద్ది చెట్ల మీద వదిలి, అవి పట్టుకాయ, అంటే గూడు, కట్టేదాకా పక్షుల నుంచి, చీమల నుంచి కాపలా కాస్తారు. మా కేంద్రం పని ఆ రైతులకు రోగం లేని గుడ్లు ఇవ్వడం. ఆ గుడ్లనే విత్తనం అంటాం.

ఆ ఏడు మా దగ్గర గుడ్లు లేవు. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకచిలుక పొట్టను నూరి, ఆ రసాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తాం. పెబ్రిన్ అనే రోగం ఉంటే నిగనిగలాడే కోడిగుడ్డు ఆకారపు చుక్కలు కనిపిస్తాయి. ఆ రోగం తల్లి నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పురుగుకు పోతుంది. ఆ మే నెలాఖరులో ఏ గాజు పలక పెట్టి చూసినా ఆ చుక్కలే. నియమం ప్రకారం మొత్తం విత్తనాన్ని కాల్చేశాం. అగ్గిపుల్ల గీసింది నేనే. తర్వాత నేను చేసిన పనికి ఆ మంట కొంత కారణమని ఇప్పుడు అనుకుంటాను.

పై ఆఫీసు విమానానికి అనుమతి ఇచ్చింది. గుడ్ల పెట్టె ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్‌లో దిగి, అక్కడి నుంచి కారులో మర్నాటికి కేంద్రం చేరవచ్చు. నేను రోడ్డు మార్గం కోరుతూ తిరిగి ఉత్తరం రాశాను. తనిఖీల దగ్గర పెట్టె ఎవరి చేతుల్లోకి పోతుందో తెలియదు, అక్కడి ఉష్ణోగ్రతలు నా అదుపులో ఉండవు, జీపులో అయితే రెండు గంటలకోసారి వేడి, తేమ నమోదు చేయగలను అని కారణాలు వరుసగా రాశాను. నలభై ఏళ్లుగా డైరీ రాసే మనిషిని. నా కళ్ల ముందు లేనిదాన్ని నమ్మడం నాకు చేతకాదు. ఉత్తరంలో ఆ మాట రాయలేదు.

రైతుల తరఫున పోశం వచ్చాడు. ఇరవై ఎనిమిది కుటుంబాలు దసలి మీద బతికే గూడెంలో అతనే పెద్ద పెంపకందారు. విత్తనం చేతికొచ్చిన రోజు నుంచి కాయ కోసేదాకా ఆ గూడెం వాళ్లు మాంసం ముట్టరు, గడ్డం గీసుకోరు. ఆ నియమం కోసం పోశం బియ్యం, గిన్నె, ఇటుకలు మూడు జీపులో వేసుకున్నాడు. "ఇమానం ఎక్కిస్తరని మా గూడెమంత చెప్పుకుంటి సారూ. మా ఆడోళ్లు కొత్త తువ్వాల గూడ కొనిచ్చిండ్రు. నువ్వేమో జీపెక్కిస్తివి" అన్నాడు. డ్రైవర్ సలీం నవ్వి, "పరేషాన్ గాకు పోశన్నా, నా జీపు గుంతలళ్ల ఎగిరితే ఇమానమే" అన్నాడు.

జార్ఖండ్ విత్తన కేంద్రంలో, గుడ్లు పెట్టిన నాలుగో రోజున పెట్టె మా చేతికి వచ్చింది. సన్నని జాలీ ఉన్న చెక్క పెట్టె, లక్క సీలు, రోగం లేదన్న ధ్రువపత్రం. గుడ్డు పొదగడానికి సుమారు తొమ్మిది రోజులు పడుతుంది. విమానమైతే ఐదో రోజుకు, రోడ్డైతే ఆరో రోజు సాయంత్రానికి చేరతాం. మూడు రోజుల వెసులుబాటు ఉంది కదా అని లెక్క వేశాను.

ఆరో రోజు మధ్యాహ్నం, ఛత్తీస్‌గఢ్ దాటి గడ్చిరోలి అడవిలోకి వచ్చాక, ఒక వాగు రోడ్డు మీదుగా పొంగి పారుతోంది. మా ముందు నలభై లారీలకు తక్కువ లేవు. వెనక్కి తిరిగే చోటు లేదు, ఫోనుకు సిగ్నల్ లేదు. వర్షం ఆగి ఆగి కురిసింది. నేను రెండు గంటలకోసారి రీడింగ్ తీశాను. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు. తడిగుడ్డ కప్పినా తేమ పెరిగింది తప్ప వేడి తగ్గలేదు. వేడి పెరిగితే గుడ్లు పొదిగే రోజు ముందుకు జరుగుతుందని నాకు తెలుసు. ఆ మాట కూడా డైరీలో రాశాను.

ఎనిమిదో రోజు పొద్దున్నే పోశం జాలీ దగ్గర ముఖం పెట్టి చూసి, "సారూ, లేచినయ్" అన్నాడు. నేనూ చూశాను. చీమంత పురుగులు, నల్లటి తలలు, గుడ్డు పెంకులు కొరుక్కుంటున్నాయి. పెంకులు అయిపోతే వాటికి ఆకు కావాలి. పోశం అప్పటికే కొడవలి తీశాడు. "గా గట్టు మీద నల్లమద్ది ఉన్నది. లేత కొమ్మలు తెస్త. నువ్వు డబ్బ తెరువు."

నేను తెరవలేదు. సీలు కేంద్రంలో ముగ్గురు సభ్యుల కమిటీ ముందే విప్పాలి. దారిలో విప్పితే ధ్రువపత్రం చెల్లదు, అలాంటి విత్తనం రైతులకు పంచరాదు. ఆ అడవి ఆకు మీద ఏ రోగముందో తెలియదు. మే నెలాఖరున కాల్చిన విత్తనం వాసన ఇంకా నా ముక్కులో ఉంది. ఇవన్నీ పోశానికి చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. "సీలుకు ఆకలైతదా సారూ? పురుగుకైతది" అన్నాడు. పై అధికారిని అడిగి తెరుద్దామన్నాను. "ఆయన ఈడ లేడు గద" అన్నాడు.

అయినా కొమ్మలు తెచ్చాడు. మొదళ్లకు తడిగుడ్డ చుట్టి పెట్టె పక్కన పేర్చాడు. అవి వాడిపోతే పారేసి మళ్లీ తెచ్చాడు. ఆ రోజు మూడుసార్లు గట్టెక్కి దిగాడు. మూడోసారి సలీం కూడా వెంట వెళ్లాడు.

సాయంత్రానికి వాగు తగ్గింది. గడ్చిరోలిలో సిగ్నల్ దొరికింది కానీ ఆదివారం, అధికారి ఫోను ఎత్తలేదు. మర్నాడు పొద్దున చంద్రపూర్ దాటాక ఎత్తారు. సంగతి చెప్పాను. ఆయన, "పెట్టె ముందున్నది మీరు కదండీ, నన్నెందుకు అడుగుతున్నారు?" అన్నారు. జీపు ఆపించి సీలు విప్పాను. పురుగులు లేచి ఒక పగలు, ఒక రాత్రి గడిచాయి. పెట్టె అడుగున నల్లటి దుమ్ములాగా చచ్చిన పురుగులు. బతికినవి పావు వంతు ఉంటాయేమో. పోశం పక్షి ఈకతో ఒక్కొక్కదాన్నీ ఆకు మీదికి ఎక్కించాడు. ఆసిఫాబాద్ చేరేదాకా ఆ పనిలోనే ఉన్నాడు.

కేంద్రంలో కమిటీ సీలు విప్పి ఉందని నమోదు చేసింది. ఆ సరుకు పంచడానికి వీల్లేదంది. వేరే విత్తనం తెప్పించే సమయం దాటిపోయింది. బతికిన పురుగులను పోశం, ఏం జరిగినా తనదే బాధ్యత అని కాగితం మీద వేలిముద్ర వేసి, తన వంతు మద్ది చెట్లకు తీసుకుపోయాడు. మిగతా ఇరవై ఏడు కుటుంబాల వాళ్లు అప్పటికే చెట్ల కింద పొదలు కొట్టి, మంచెలు కట్టుకుని ఉన్నారు. ఆ మంచెలు ఆ ఏడు ఖాళీగానే ఉన్నాయి.

జూలై మూడో వారంలో పోశం ఆఫీసుకు వచ్చాడు. కాయ కట్టే రోజులు ఇంకా రాలేదు. తలెత్తి చూస్తే అతని ముఖం నున్నగా ఉంది. గడ్డం గీసుకున్నాడు. ఇక నేనేమీ అడగక్కర్లేకపోయింది. కూర్చోమంటే కూర్చోలేదు. కరీంనగర్ దిక్కు రాతి క్వారీలో పని దొరికిందని, గూడెం నుంచి ఇంకో తొమ్మిది మంది వస్తున్నారని చెప్పాడు. వెళ్తూ వెళ్తూ, "ఆకు మంచిదే సారూ. దాని మీద రోగం లేకుండె. బలమే సాలలే పురుగులకు" అన్నాడు.

నాకు మెమో గానీ, సంజాయిషీ నోటీసు గానీ రాలేదు. నా నివేదికలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మరుసటి ఏడు నా కింది అధికారి ఒకతను జార్ఖండ్‌లోని అదే కేంద్రం నుంచి గుడ్లు విమానంలో తెచ్చాడు. ఐదో రోజుకే చేరాయి, బాగా పొదిగాయి. పంపిణీ జాబితాలో పోశం పేరు కోసం చూశాను. లేదు.

ఇప్పుడు నేను కరీంనగర్‌లోనే ఉంటున్నాను. క్వారీల వైపు వెళ్లే రోడ్డు మా వీధి చివరే. ఆ జూన్ డైరీ అప్పుడప్పుడు తీసి చూస్తాను. వేడి, తేమ, సమయం, సంతకం, ఒక్క గడి ఖాళీ లేదు. నమోదు చేయడాన్ని కాపాడటం అనుకున్నాను. రీడింగ్ తీసిన మనిషి దాన్ని బట్టి వెంటనే ఏదో ఒకటి చేయాలి. చేయడానికి పైవాళ్ల అనుమతి కోసం ఆగితే, ఆ ఆగిన గంటలకు కూడా అతనే జవాబుదారు. ఆ గంటలు రాయడానికి మా పట్టికలో గడి లేదు.