మూతపడని కన్ను

మైపాడుకి దక్షిణాన, సముద్రం ఒడ్డునే ఉన్న ఆ పాలెంలో ముత్యాలయ్య పడవెక్కడం మానేసి పదేళ్ళు దాటింది. అయినా అలివి లాగిన ప్రతిరోజూ అతనికి పడవ మీద పోయినవాళ్ళతో సమానంగా చేపలు వచ్చేవి. గిట్టనివాళ్ళు "గాలి ఊది బతుకుతా ఉండాడు" అని మూతి తిప్పేవాళ్ళు. ఆ అన్నవాళ్ళే సముద్రం మీద ఉన్నప్పుడు మాత్రం రెండు చెవులూ అతనివైపే పెట్టేవాళ్ళు.

అలివి అంటే ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల. పడవ దాన్ని లోపల వంపుగా దించి వస్తుంది. దాని రెండు కొసల తాళ్ళు పట్టుకుని ఒడ్డున రెండు జట్లు లాగుతాయి. ఒక జట్టు కేక ఇంకో జట్టుకి వినపడదు, సముద్రం వినపడనివ్వదు. అందుకే రెండు జట్లకీ మధ్య ఇసకదిబ్బ మీద ముత్యాలయ్య నిలబడి, రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసేవాడు. ఒక ఈల వేస్తే లాగాలి. రెండు వేస్తే ఆపాలి. ఊపిరి ఉన్నంతసేపూ సాగే పొడుగు ఈల పడవలో వాళ్ళకి. వెనక పెద్ద అల ఉంది, ఒడ్డుకి రావద్దని దానర్థం. ఆ పొడుగు ఈల ఎన్ని కాపురాలు నిలబెట్టిందో లెక్క పెట్టినవాళ్ళు లేరు.

1961లో, మాఘమాసం చలిగాలుల్లో, ఒక పొద్దున ముత్యాలయ్య నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు కుడివైపు నుంచి వాటంతటవే కారిపోయాయి. గోడకున్న చిన్న అద్దంలో చూసుకున్నాడు. కుడివైపు మొహం తనది కాదు. నుదుటి మీద ముడతలు చెరిపేసినట్టు పోయాయి, పెదవి కొస కిందికి జారింది. ఎడమ కన్ను ఆర్పాడు, ఆరింది. కుడి కన్ను ఆర్పాడు. అది తెరుచుకునే ఉంది.

ఆ కన్నుని అతను ఇంతకు ముందు చూశాడు.

పదిహేనేళ్ళ కిందట పోలేరమ్మకి పెద్దరోగం వచ్చింది. కుష్టు అనే మాట పాలెంలో ఎవరూ పలకరు, పలికితే ఇంట్లోకి వస్తుందని భయం. పోలేరమ్మ ఎవరో కాదు, పాలెం పెద్ద రమణయ్యకి సొంత అక్క. కట్టుబాటు కట్టుబాటేనని రమణయ్య ఆమెకి ఎనిమిది రోజులు గడువిచ్చి, సరుగుడు తోపు అవతల గుడిసె వేయించి పంపేశాడు. ఇంటికొకరు వంతులేసుకుని కుండలో అన్నం పెట్టి, దూరం నుంచి కేకేసి వచ్చేవాళ్ళు. ముత్యాలయ్య వంతు వచ్చిన ఒక మధ్యాహ్నం ఆమె గుమ్మంలో పడుకుని ఉంది. గురక వినపడుతోంది. కళ్ళు మాత్రం రెండూ తెరిచే ఉన్నాయి, నల్లగుడ్లు పైకి పోయి తెల్లవి కనపడుతూ. అతను కుండ అక్కడే పారేసి పరుగెత్తాడు. ఆ ఏడాది వానల్లోనే ఆమె పోయింది. ఆమెనీ గుడిసెనీ కలిపి కాల్చారు. అప్పటినుంచి ఆ పాలెంలో ఒక నమ్మకం నిలిచిపోయింది: మూతపడని కన్ను పెద్దరోగానికి ఆనవాలు.

ఈ పొద్దున ముత్యాలయ్య పెళ్ళాం పెంచలమ్మ అప్పటికే చేపల గంప ఎత్తుకుని ఇందుకూరుపేట వైపు వెళ్ళిపోయింది. ఆమె ఉండి ఉంటే మొగుణ్ణి ఇంట్లో కూర్చోబెట్టేదేమో. ముత్యాలయ్య తువ్వాలు తలమీంచి మొహానికి చుట్టుకుని, చలిగా ఉందని అబద్ధం చెప్పి, దిబ్బ ఎక్కాడు. వేళ్ళు నోట్లో పెట్టి ఊదాడు. కుడివైపు నుంచి గాలి బుస్సుమని పోయింది తప్ప ఈల రాలేదు. చెయ్యి ఊపితే జట్లు ఎలాగో అర్థం చేసుకుని లాగడం మొదలుపెట్టాయి. బతికిపోయాననుకున్నాడు పిచ్చివాడు.

ఇంకో గడియకి వల దించిన పడవ ఒడ్డుకి మళ్ళింది. దాని వెనక నల్లగా అల లేచింది. ముత్యాలయ్య ఊదాడు. పెదవిని చేత్తో నొక్కిపట్టి మళ్ళీ ఊదాడు. తువ్వాలు లాగి గాల్లో తిప్పాడు. పడవలో వాళ్ళు చెవులతో చూసేవాళ్ళు కానీ కళ్ళతో కాదు. ఈల రాలేదు కాబట్టి దారి బాగుందనుకుని తెడ్లు వేశారు. అల పడవని ఎత్తి బోర్లా కొట్టింది. అందరూ బయటపడ్డారు గానీ పెంచలమ్మ తమ్ముడు హజరత్తయ్యకి భుజం ఎముక విరిగింది.

అందరూ దిబ్బ మీదికి పరుగెత్తుకొచ్చారు, తిట్టడానికి. తువ్వాలు లేని మొహం చూసి తిట్టు నోట్లోనే ఆగిపోయింది. ఒక్కొక్కరూ వెనక్కి నడిచారు. పది అడుగుల దూరంలో ఆగారు.

రమణయ్య ఒక్కడే ముందుకొచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, మాట కరుకు. "కన్ను మూయరా" అన్నాడు.

ముత్యాలయ్య మూశాడు. ఒకటే మూతపడింది.

"మామా, చలిగాలి కొట్టినట్టుంది. అదేం కాదు మామా."

"మా అక్క కూడా ఇదే మాట అనింది" అన్నాడు రమణయ్య. అతని గొంతులో కోపం లేదు, అదే ఇంకా భయం పుట్టించింది. "దాన్నే పంపినోణ్ణి, నిన్ను ఉంచితే రేపు నన్నెవరు పెద్దంటారు? ఎనిమిది రోజులు. ఈలోగా బాయి కాడికి రాబాక."

గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. ఆ సాయంత్రానికి ఇరుగుపొరుగు వాళ్ళ కోళ్ళని కూడా వీళ్ళ గుమ్మం వైపు రానివ్వలేదు. పెంచలమ్మ చేపలు కొనే నాథుడు లేడు. అన్నం తింటే మెతుకులు కుడి బుగ్గలోనే ఉండిపోయేవి, వేలుపెట్టి తీసుకోవాల్సి వచ్చేది. కన్ను ఎర్రబడి నీళ్ళు కారేది. పడుకుంటే పెంచలమ్మ అతని మొహం మీద చీరకొంగు కప్పేది. ఎందుకని అతను అడగలేదు. అతనికి తెలుసు.

మూడో రోజున ఆమే అంది: "సరుగుడు తోపుకి పోయేదే అయితే ఇద్దరం పోదాం. పోయేముందు నెల్లూరు పోయి డాక్టరమ్మకి చూపించుకుందాం. చెప్పేదేదో ఆమె నోటితో చెప్పనీ."

నెల్లూరు మిషను ఆసుపత్రిలో డాక్టరు ఎలిశబెతు గారు పొట్టి మనిషి, మాట్లాడటం తక్కువ, పని ఎక్కువ. తువ్వాలు తీయమంది. తీశాడు. ఆమె వెనక్కి జరగలేదు, ఒట్టి చేత్తో గడ్డం పట్టుకుని మొహం వెలుగువైపు తిప్పింది. ఆ ఒక్కదానికే ముత్యాలయ్యకి ఏడుపొచ్చినంత పనయింది.

"నుదురు ముడెయ్యి" అంది. ఎడమవైపే పడింది. "కళ్ళు గట్టిగా మూసుకో. పళ్ళు చూపించు. బుగ్గలు పూరించు." అన్నిటికీ సగం మొహమే జవాబు చెప్పింది. "ఈల వెయ్యి."

ఈసారి నిజంగానే ఏడ్చాడు. అతని పనేమిటో పెంచలమ్మ చెప్పింది.

తర్వాత డాక్టరమ్మ దూది పీచు ఒకటి తీసి, కళ్ళకి తువ్వాలు కప్పించి, మొహం మీద ఇక్కడా అక్కడా తాకించింది. తగిలిన ప్రతిచోటునీ ముత్యాలయ్య వేలితో చూపించాడు. కుడివైపు కూడా ఒక్కటీ తప్పలేదు. ఒళ్ళంతా మచ్చల కోసం వెతికింది, మోచేతుల దగ్గర నరాలు తడిమింది.

"ఇది పెద్దరోగం కాదు. పక్షవాతం కూడా కాదు."

పెంచలమ్మ నేల మీద కూలబడింది.

డాక్టరమ్మ తన అరచెయ్యి అతని చెవి కింద ఆనించి, ఐదు వేళ్ళూ చెంప మీద విప్పింది. "చెవి వెనక ఎముకలో సన్న బెజ్జం ఉంటుంది. అందులోంచి ఒక నరం బయటికొచ్చి ఇట్లా ఐదు పాయలవుతుంది. ఒకటి నుదుటికి, ఒకటి కంటికి, ఒకటి బుగ్గకి, ఒకటి పెదవికి, ఒకటి మెడకి. మిగతా ఒంట్లో కండ ఎముకని లాగుతుంది. మొహంలో కండ మటుకు చర్మాన్నే లాగుతుంది. కంటి చుట్టూ ఒక కండ, నోటి చుట్టూ ఒకటి, సంచినోటికి తాడు మాదిరి. బుగ్గలో ఉండేది గాలిని నెట్టేది. నీ ఈల అదే. నరం వాచి ఆ బెజ్జంలో నలిగింది. తెగలేదు. ఎక్కువమందికి నెలో మూడు నెలలో తిరిగొస్తుంది."

"మరి పెద్దరోగం వచ్చిన మా పోలేరమ్మకీ కన్ను మూతపడలేదు గదమ్మా" అన్నాడు ముత్యాలయ్య.

"ఆ రోగంలోనూ ఈ నరం దెబ్బతింటుంది, నిజమే. కదిలించే నరం వేరు, తాకితే తెలిపే నరం వేరు. ఆ రోగంలో మచ్చ మీద తాకినా తెలవదు, నీకు తెలస్తా ఉంది." ఆమె దూది తీసి అతని చేతిలో పెట్టింది. "అదైనా భయపడాల్సింది లేదిప్పుడు. మాత్రలొచ్చినై. ముందుగా వస్తే వేళ్ళూ పోవు, కళ్ళూ పోవు. మీవాళ్ళు దాచిపెట్టి దాచిపెట్టి ఆలస్యంగా తెస్తారు, అదీ నాకు కోపం."

ఎనిమిదో రోజు మధ్యాహ్నం రచ్చ కూడింది. ముత్యాలయ్య డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చూపించాడు. చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. "కాయితం కన్ను మూస్తదా?" అన్నాడు ఎవడో. జనం యథాప్రకారం పది అడుగుల అవతల. దగ్గరికొచ్చింది రమణయ్య ఒక్కడే.

"అయితే నువ్వే పరీక్ష చెయ్యి మామా" అని దూది అందించాడు ముత్యాలయ్య. కళ్ళకి తువ్వాలు చుట్టుకున్నాడు. రమణయ్య తాకించాడు. నుదురు, ముక్కు పక్క, జారిన పెదవి. తగిలిన చోటల్లా ముత్యాలయ్య వేలు పోయింది.

జనంలో గుసగుస లేచింది. రమణయ్యకి నమ్మబుద్ధి కాలేదు. "ఇంత మెత్తటిది మంచోడికి మాత్రం తెలస్తదా? గాలికి ఊహించి చెప్తా ఉండావు. ఏదీ, నాకు పెట్టు." అతను కళ్ళు మూసుకుని కుడిచెయ్యి చాపాడు.

ముత్యాలయ్య ముంజేతి మీద పెట్టాడు. అక్కడ రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ ఉంది. ఏళ్ళ తరబడి అందరూ చూస్తున్నదే, ఉప్పునీళ్ళకి వచ్చిందనుకున్నదే.

రమణయ్య కదల్లేదు.

ముత్యాలయ్య ఇంకొంచెం నొక్కాడు.

"కానీరా" అన్నాడు రమణయ్య కళ్ళు మూసుకునే. "ఇంకా పెట్టలేదేంది?"

ఎనిమిది రోజులుగా ముత్యాలయ్యని తింటున్న భయం ఇప్పుడు ఎదుటి మనిషి చేతిమీద కూర్చుని ఉంది, ఆ మనిషికి తెలియకుండా. అరిస్తే చాలు. పది అడుగుల దూరంలో యాభై మంది ఉన్నారు. తన కాపురాన్ని ఎనిమిది రోజులు కుక్కకన్నా హీనం చేసినవాడు, ఒక్క మాటతో సరుగుడు తోపుకి పోతాడు. నాలిక కొస దాకా వచ్చింది ఆ మాట. పోలేరమ్మ గురక కూడా చెవుల్లో వినపడింది.

దూదిని చెయ్యి కొసకి జరిపి మణికట్టు మీద పెట్టాడు.

"ఇక్కడ" అని చూపించాడు రమణయ్య, నవ్వుతూ కళ్ళు తెరిచాడు. ముందు ముత్యాలయ్య మొహం చూశాడు. కుడివైపు ఏమీ లేదు, రాతిమొహం. ఎడమవైపు అంతా చెప్పేసింది. నుదురు ముడతలు పడి, కనుబొమ పైకి లేచి, పెదవి వణుకుతోంది. రమణయ్య తల వంచి తన చెయ్యి చూసుకున్నాడు. మచ్చ మధ్యలో దూది పీచు ఒకటి అంటుకుని ఉంది.

ఎడమచేత్తో దాన్ని మెల్లగా తుడిచేశాడు. అంత దూరానికి అది ఎవరికీ కనపడలేదు. వాళ్ళ భయమే ఆ రోజు రమణయ్యని కాపాడింది.

"తెలస్తా ఉంది" అన్నాడు జనం వైపు తిరిగి. మళ్ళీ గట్టిగా అన్నాడు. "తాకితే తెలస్తా ఉంది. వీడికి ఆ రోగం లేదు. వీడు ఈడే ఉంటాడు. పెంచలమ్మని బాయి కాడికి రానీండి."

మర్నాడు తెల్లవారి ముత్యాలయ్య తలుపు తీసేసరికి రమణయ్య గుమ్మం పక్కన, గోడకి ఆనుకుని ఇసకలో కూర్చుని ఉన్నాడు. ఎన్నడూ చొక్కా వేయని మనిషి పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని ఉన్నాడు. ఎంతసేపయిందో వచ్చి. తల ఎత్తలేదు.

"అక్క గుడిసెకి నిప్పంటించింది ఈ చేత్తోనే" అన్నాడు. చొక్కా చెయ్యి కిందికి లాక్కుని అడిగాడు: "నాకెన్ని రోజులిస్తావురా ముత్యాలూ, గడువు?"

ముత్యాలయ్య ఆ చెయ్యే పట్టుకుని పైకి లేపాడు.

"నెల్లూరు బస్సుకి టైమయింది, లెయ్యి మామా" అన్నాడు.