అడ్డం పైపులు, నిలువు చువ్వలు

ఆర్మూర్‌ల పసుపు యార్డు దగ్గర మూడంతస్తుల బిల్డింగ్ లేచినప్పుడు నాకు ఇరవై మూడేండ్లు. తొంభైల మొదట్ల ముచ్చట. అప్పటికి మా ఊర్లె మిద్దె మీద మిద్దె కట్టుడే గొప్ప. ఆరు కుటుంబాలు ఒక్క బిల్డింగుల కిరాయికి ఉండుడంటె వింతనే. నేను కొత్తగ వెల్డింగ్ షాపు పెట్టిన. బాల్కనీల రెయిలింగులన్నీ ఓనర్ నాకే ఇచ్చిండు. ఆయన పసుపు పండించే పెద్ద రైతు, అందరు పటేల్ అనేటోళ్లు. దుబాయిల ఉన్న అల్లుడు పంపిన ఫోటో ఒకటి నా చేతిల పెట్టి, అచ్చం గిట్లనే ఉండాలె అన్నడు. ఫోటోల నిలువు చువ్వలు లేవు. నాలుగు గుండ్రటి పైపులు అడ్డంగ, ఒకదాని మీద ఒకటి. నేను గట్లనే చేసి వెండి రంగేసిన. బస్సు దిగినోళ్లు తలెత్తి చూస్తుంటె నా ఛాతీ ఉబ్బేది.

ఏడాది తిరిగినంక ఆ బిల్డింగుల కింది దుకాణం షట్టరు ఇరుక్కుందంటె పోయిన. పని చేసుకుంట పైకి చూస్తె, రెండో అంతస్తుల నా పైపులు కనవడ్తలేవు. పసుపు మరకల గోనె సంచులు చీరి, కుట్టి, ఆ కొసకెల్లి ఈ కొసదాక కట్టేసిండ్రు. నాకు మస్తు కోపమొచ్చింది. షట్టరు గట్లనే ఇడిసిపెట్టి మెట్లెక్కిన.

తలుపు దగ్గర ఒకామె ఒళ్లె చాట పెట్టుకొని బీడీలు చేస్తున్నది. భర్త మస్కట్‌ల ఉంటడట. ఇంట్ల ఆమె, మూడేండ్ల బిడ్డ, ఇద్దరే. రెయిలింగ్ చేసింది నేనేనని చెప్పి, ఎందుకు కప్పినవని అడిగిన. ఆమె చాట పక్కకు వెట్టి, బిడ్డను పిలిచి, ఒక దిక్కు సంచి పైకి లేపింది. ఆ పిల్ల ఉరికొచ్చి మొదటి పైపు మీద కాలేసింది. తర్వాత రెండోది, మూడోది. నేను నోరు తెరిచేలోపల కడుపు పై పైపుకు ఆనింది. తల్లి అప్పటికే నడుము పట్టుకునే ఉన్నది, మెల్లగ దించింది.

“నువ్వు చేసింది రెయిలింగ్ గాదన్నా, నిచ్చెన,” అన్నది.

ఆ మాట కోపంగ గూడ అనలె. సంచులు కట్టినకాడికెల్లి గాలి రాక ఇల్లు ఉడికిపోతున్నదట, అయినా జర నిశ్చింతగ పని చేసుకుంటున్నదట.

నేను ఆడికెల్లి సీద పటేల్ ఇంటికి పోయి, రెండో అంతస్తుల చూసింది చెప్పిన. పైపులు తీసి నిలువు చువ్వలు పెడ్త, కూలి గూడ వద్దన్న. ఆయన ఒప్పుకోలె. అల్లుడు వచ్చే నెల లీవు మీద వస్తున్నడు, ఫోటోల ఉన్నట్టే ఉండాలె అన్నడు. పిల్లలను పెద్దలు చూస్కోవాలె గని ఇనుము చూస్కుంటదా అన్నడు.

మర్నాడు పొద్దున షాపుల మిగిలిన రెయిలింగ్ ముక్కను తోపుడు బండి మీద ఏసుకపోయిన. పటేల్ వాకిట్ల గడ్డి పరిచి, రెండు దిక్కుల గుంజలు పాతి, దాన్ని గట్టిగ కట్టి నిలబెట్టిన. ఆయన అరుగు మీద కూసొని చాయ తాగుతున్నడు. ఆ ఇంట్ల మనుమలు, మనుమరాండ్లు కలిసి ఐదుగురు. ముందు పెద్దోడు ఎక్కిండు. జరసేపట్ల అందరు ఎక్కుడు, అటు దుంకుడు, మల్ల తిరిగొచ్చుడు. ఆఖరుకు ఇంక మాటలు సక్కగ రాని చిన్నది గూడ ఎక్కి, అటు దిక్కు గడ్డిల పడి నవ్వింది. పటేల్ చేతిల చాయ సల్లారింది.

“గామె ఉండేది ఎన్నో అంతస్తు అన్నవు?” అని అడిగిండు.

“రెండోది, పటేలా.”

“అన్నిట్ల తీసెయ్. అల్లునికి నేను చెప్పుకుంట.”

చువ్వల మధ్య సందు ఎంతుండాలె? అప్పటిదాక జానెడు పెట్టుడే నాకు తెలుసు. బీడీలు చేసే ఆమె పక్కింటి పది నెలల పిల్లగాణ్ణి ఎత్తుకొచ్చింది, బిల్డింగుల అందరికంటె చిన్నోడు వాడే. వాని తలకు రెండు దిక్కుల రెండు చెక్కలు ఆనిచ్చి కొలిసిన. వాడు ఆటనుకొని ఒక చెక్కను నాకిండు. ఆ కొలతకు రెండు వేళ్లు తక్కువ చేసి ఒక కట్టె ముక్క కోసుకున్న. ప్రతి సందుల అది ఇరుక్కుంటెనే వెల్డింగ్ పెట్టిన. పై పైపును నా ఛాతీదాక లేపిన. ఇగ అయిపోయిందనుకుంటె ఆమె బిడ్డ బంతి తెచ్చి దొర్లించింది. అది చువ్వల కిందికెల్లి పోయి రోడ్డు మీద పడ్డది. నేను దిగిపోయి బంతి తెచ్చిచ్చి, కింద ఇంకో పట్టి వేసిన. నీళ్ల డ్రమ్ములు, పీటలు రెయిలింగ్ కాడ పెట్టొద్దని ఇంటింటికి తిరిగి చెప్పింది మాత్రం ఆమెనే.

సంచులు ఇప్పిన నాడు గాలి ఒక్కసారే లోపలికొచ్చి చాటల ఆకులు ఎగిరినయి. ఆమె వాటిని ఏరుకుంట నవ్వింది.

అల్లుడు లీవుల వచ్చిండు, కింద నిలబడి చూసి, జైలు లెక్కున్నదన్నడు. వారం తిరగకముందే బాల్కొండల తను కట్టిస్తున్న ఇంటికి గసుంటియే చెయ్యమని నన్ను పిలిపిచ్చిండు. ఆయనకు గూడ ఇద్దరు చిన్నపిల్లలాయె.

ఆ మూడేండ్ల పిల్లకే నా మీద కోపం. కొత్త చువ్వల మీద కాలు పెట్టవోతె జారింది, మల్ల పెట్టింది, మల్ల జారింది. ఇగ నా దిక్కు తిరిగి ఏడ్చింది. తర్వాత తల్లి చెయ్యి పట్టుకొని షాపు ముంగటికెల్లి పోయినప్పుడల్ల మొఖం తిప్పుకునేది. బిస్కెట్ పుడ ఇస్తె తీసుకునేది గని మాట్లాడకపోయేది. బడికి పోయేదాక గట్లనే నడిచింది.