కొండవైపు వరండా

అది 1982. నార్త్ కరొలైనాలోని క్యారీ ఇప్పటిలా ఉండేది కాదు, మా పెరటి కంచె దాటితే పైన్ చెట్లే. పక్కనే రాలీలో ఒక కంపెనీలో నేను సివిల్ ఇంజినీరుని. గోడౌన్లకూ పార్కింగ్ స్థలాలకూ డ్రాయింగులు గీయడం నా పని. ఆ ఏడాది ఫీజు లేని పని ఒకటి నెత్తిన పడింది. జాంబియా దక్షిణాన ఒక పల్లెలో చందాలతో కట్టే ప్రాథమిక పాఠశాల. రెండే రెండు గదులు. నా సర్వీసు మొత్తంలో నన్ను అంత తికమక పెట్టిన బిల్డింగు ఇంకోటి లేదు.

దాన్ని నా నెత్తిన పెట్టింది డాక్టర్ సుభద్రగారు. ఆమె పిల్లల డాక్టరు, మా చుట్టుపక్కల తెలుగువాళ్లందరికీ పెద్దదిక్కు. మన కుటుంబాలూ, ఆమె హాస్పిటల్లోని అమెరికన్లూ కలిసి చందాలు వేసుకున్నారు. వాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లున్నారు, ఇంట్లో పూజలు చేసేవాళ్లున్నారు, దేవుడే లేడనేవాళ్లూ ఉన్నారు. బడి మొదలయ్యే ముందు ప్రార్థన ఉండాలా వద్దా అని మొదటి మీటింగులోనే రగడ. డాక్టరుగారు తేల్చేశారు: బడిలో ఏ మతం గుర్తూ ఉండకూడదు, ఉంటే చందా వేరే పనికి పోతుంది. చిన్నప్పుడు తన బడిలో అన్నానికి ముందు ఏ దేవుడికి దండం పెడితే ఎవరు తిడతారో తెలియక భయపడుతూ తినేవారట. ఆ మాట విన్నాక అందరూ సరేనన్నారు.

ఆ పల్లె తరఫున మాకు తెలిసిన మనిషి ముతింత. అక్కడ టీచరుగా చేసి, పై చదువుకు మా దగ్గరి యూనివర్సిటీకి వచ్చింది. ఆమె బడి పిల్లలు చదివేది కారిపోయే రేకుల షెడ్డులో. వానలు ముదిరితే బడి మూసేస్తారు. వేసవి సెలవుల్లో తను వెళ్లి పని మొదలుపెట్టాలి. అప్పుడు అక్కడ వానలుండవు. ఆ అదను తప్పితే ఇంకో ఏడాది పిల్లలకు చదువు సగమే.

ఆమె గీసిచ్చిన బొమ్మను బట్టి సైట్ ప్లాన్ వేశాను. స్థలంలో బిల్డింగు ఎక్కడుంటుందో, ఎటు తిరిగి ఉంటుందో చూపే డ్రాయింగు అది. ఉత్తరాన కొండ ఉంది. నేను గుంటూరు వాణ్ణి, ఎండ ఎటునుంచి వస్తుందో నాకొకరు చెప్పాలా? గదులు చల్లగా ఉండాలని, ఎండ వచ్చే దక్షిణం వైపు వరండా పెట్టాను.

ఆ ప్లాన్ చూపించిన మీటింగు అయి అందరూ వెళ్లాక డాక్టరుగారు నన్ను ఆపారు. "మాధవ్, ఆ ఈశాన్యం మూలలో స్టోర్ రూం పెట్టావు. అక్కణ్ణుంచి తీసెయ్. ఆ మూల ఖాళీగా ఉండాలి."

మతం గుర్తులు వద్దన్నారు కదండీ అన్నాను.

"అది మతమేమిటయ్యా, వాస్తు."

నోరు మూసుకుని స్టోర్ రూం జరిపాను.

తర్వాత ఊరి పెద్దల కబురు వచ్చింది. వరండా కొండవైపే ఉండాలి, లేకపోతే స్థలం ఇవ్వరు. మీటింగులో ఎందుకని అడిగితే ముతింతకూ తెలియదు. చిన్నప్పటినుంచీ దూరాన హాస్టల్లో ఉండి చదువుకున్న మనిషి. కొండమీద తమ పూర్వీకుల సమాధులున్నాయనీ, అందుకేనేమో అనీ ఉన్నమాట చెప్పేసింది. డాక్టరుగారి ముఖం మారిపోయింది. పిల్లలు రోజూ సమాధుల వైపు తిరిగి కూర్చోవడానికి తను ఒప్పుకోనన్నారు.

ముతింత గొంతు పెంచలేదు. "ఇప్పుడు వాళ్లు వానలో కూర్చుంటున్నారు" అంది.

కమిటీవాళ్లు నావైపు తిరిగారు. వరండా అటు మార్చడానికి ఇంజినీరింగు కారణం ఏదైనా ఉందా అని నన్నడిగారు. లేదన్నాను. వచ్చే వారం తేలుద్దామని లేచారు. ముతింత కోటు వేసుకుంటూ ఎవరి వైపూ చూడలేదు. నాకు చాలా బాధనిపించింది.

ఆమె ఇచ్చిన ఫొటో ఒకటి నా బల్లమీద ఉండేది. మధ్యాహ్నం బెల్లు కొట్టాక షెడ్డు ముందు పిల్లలు, వెనక కొండ. ఆ వారంలో ఒకరోజు చూస్తుంటే నీడలు కొండవైపు కాకుండా ఇటు, ఫొటో తీసినవాళ్ల వైపు పడి ఉన్నాయి. అంటే మధ్యాహ్నం సూర్యుడు కొండవైపున్నాడు. అయితే కొండ దక్షిణాన ఉందా? ముతింత దిక్కులు తిరగేసి గీసిందా? ఫోన్ చేసి, కొండకేసి తిరిగి నిలబడితే సూర్యుడు ఏ చేతివైపు పొడుస్తాడని అడిగాను. కుడిచేతివైపు అంది. అయితే కొండ ఉత్తరానే. మరి మధ్యాహ్నం ఎక్కడుంటాడు?

"కొండమీద. ఇంకెక్కడుంటాడు?" అంది, నాకేమైనా అయిందా అన్నట్టు.

మా అమ్మాయి గ్లోబు తెచ్చి ముందు పెట్టుకుని కూర్చున్నాను. భూమధ్యరేఖకు మా గుంటూరు ఎంత పైనుందో ఆ పల్లె దాదాపు అంత కిందుంది. అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ ఉత్తరం నుంచే వస్తుంది. పెద్దలు అడిగిన చోటే వరండా ఉండాలి.

మరుసటి మీటింగులో గ్లోబు పట్టుకెళ్లి చూపించాను. ఓవర్‌హ్యాంగ్, అంటే గోడ దాటి ముందుకొచ్చే చూరు, ఎంత ఉండాలో కూడా చెప్పాను. ఇది మతం కాదు, ఎండ అన్నాను. అందరి ప్రాణం కుదుటపడింది. వరండా ఉత్తరానికి రాగానే, స్టోర్ రూం తీసేసిన ఈశాన్యం మూల ఇంకా తెరిపిగా అయింది. డాక్టరుగారు అది చూసి ప్లాన్ మడిచి నా చేతికిచ్చారు.

సెలవులయ్యాక ముతింత తిరిగొచ్చింది. గోడలు లేచాయి, పైకప్పు వేయడం అయింది, వానలకు ముందే పిల్లలు లోపలికి వచ్చేస్తారట. ఎండ గురించి నా లెక్క విని పెద్దలు ఏమన్నారని గర్వంగా అడిగాను. ఆమె నవ్వింది.

"ఎండ సంగతి వాళ్లకు కొత్తా? కానీ వాళ్లు అడిగింది అందుకు కాదు. పిల్లలు చదువుకుంటుంటే కొండమీది పూర్వీకులు చూడాలట."

మతం కాదని అంతమందికి నచ్చజెప్పింది నేనే. కడుపులో దాచుకోలేక వెళ్లి డాక్టరుగారికి చెప్పేశాను. ఆమె తిరిగి నన్నే అడిగారు.

"ఈశాన్యం సంగతి కమిటీకి చెప్పావా?"

"లేదండి."

"అయితే ఇదీ చెప్పకు. పిల్లలు తడవకుండా ఉంటే చాలు."

అప్పటినుంచీ కొత్త స్థలానికి వెళితే ముందు నీడ ఎటు పడుతోందో చూస్తాను. ఇల్లు ఫలానా వైపు తిప్పమని ఎవరైనా అడిగితే, గోడలకు ఇబ్బంది లేనంతవరకూ తిప్పేస్తాను. ఆ వరండా ఎండకోసమా, పూర్వీకులకోసమా, ఈశాన్యం కోసమా అంటే మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు. అందులో పిల్లలు కూర్చుని చదువుకున్నారు.